పంట తెగులుకు పేరెట్లు వచ్చును? — మొవ్వుకుళ్ళు వైరసు కథ

పోచంపల్లి మగ్గములను గూర్చి తెలుగువారికి కొత్తగా చెప్పవలసినది లేదు. అయినను ఒక సంగతి మరల జ్ఞాపకము చేయుట మంచిది. ఆ చీరలో కనబడు పూవు గాని, చిలుక గాని మగ్గము మీద పుట్టినది కాదు. నేతకు ముందే నూలును ఆసు పోసి, లెక్క ప్రకారము ముడులు గట్టి, రంగులో ముంచినప్పుడే ఆ బొమ్మ పోగులో చేరినది. మగ్గము దానిని వెలికి దెచ్చును, అంతే. కనుక చీరను చూడకుండ పోగును మాత్రమే చేతికిచ్చినను, దానిమీద ఏ రంగు తరువాత ఏ రంగు ఎంత నిడివిని వచ్చినదో ఓపికతో చదివినచో, అది ఏ నమూనాకు చెందినదో కనిపెట్టవచ్చును.

మొక్కలకు వచ్చు వైరసు తెగుళ్ళ విషయమున శాస్త్రజ్ఞులు చేయుచున్న పనియు ఇట్టిదే. ఆకు మీది మచ్చ చీరమీది బొమ్మ వంటిది. దానిని ఆడించుచున్న వ్రాత వైరసులోని సన్నని పోగులో దాగియున్నది. ఆ పోగును చదువుట మనకు గత నాలుగైదు దశాబ్దములలో అలవడిన విద్య. ఆ విద్య మన రైతునకు ఏమి మేలు చేసినది, ఇంకను ఏమి చేయవలసియున్నది అను విషయమును ఈ ప్రసంగమున ముచ్చటింతము.

పూర్వపు నల్లగొండ జిల్లాలో నుండి, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన పోచంపల్లి మొదలుకొని మహబూబునగరము వరకు గల మెట్టసీమలో, బోరుబావి క్రింద ఎకరమో అరయెకరమో టమాట, బెండ, వంగ, మిరప వేసి హైదరాబాదు అంగళ్ళకు పంపుకొను కుటుంబములు అనేకములు. కూరగాయ తోట నగదు పంట. నారు, ఎరువు, కూలి, మందు అన్నిటికిని ముందు డబ్బు పెట్టవలసినదే. మొక్క పూతకు వచ్చు వేళ చిగురు నల్లబడి వ్రాలినచో ఆ డబ్బు తిరిగి రాదు. అప్పుడు రైతునకు సలహాలకు కొరత యుండదు. ఒకరు విత్తనము చెడ్డదందురు. ఒకరు ఎరువు ఎక్కువైనదందురు. మరియొకరు శిలీంధ్రపు మందు కొట్టుమందురు. వైరసునకు శిలీంధ్రపు మందు పనిచేయదు. మొక్కలో చేరిన వైరసును చంపి మొక్కను బ్రతికించు మందు అంగడిలో ఏదియు లేదు. కనుక జబ్బునకు సరియైన పేరు తెలియుట పండితుల ముచ్చట కాదు. ఆ పేరు తెలియక కొట్టిన ప్రతి మందును రైతు జేబునకు చిల్లు.

ఇంతకును వైరసు అనగా నేమి? 1892లో రష్యా శాస్త్రజ్ఞుడు ఇవనోవ్‌స్కీ, జబ్బుపడిన పొగాకు మొక్కల రసమును సూక్ష్మజీవులను కూడ ఆపగల పింగాణి వడపోతలో వడగట్టెను. వడిసిన రసమును మంచి మొక్కకు పూయగా దానికిని జబ్బు వచ్చెను. 1898లో హాలెండు దేశస్థుడు బైజరింక్, ఇది సూక్ష్మజీవి కాదు, జీవించు ద్రవరూపమైన అంటు అని చెప్పెను. 1935లో అమెరికాలో స్టాన్లీ ఆ పొగాకు వైరసును ఉప్పు వలె స్ఫటికములుగ తీసెను. మరుసటి యేట ఇంగ్లండులో బాడెన్, పిరీలు దానిలో మాంసకృత్తుతో పాటు కేంద్రకామ్లము కూడ కలదని చూపిరి. 1939లో ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని క్రింద దాని రూపము తొలిసారి కంటబడినది. 1956 నాటికి ఆ కేంద్రకామ్లము ఒక్కటియే, పైతొడుగు లేకుండగనే, జబ్బును కలిగింపగలదని తేలినది. అనగా వైరసులో ప్రాణమంతయు ఆ పోగులోనే యున్నదన్నమాట. మాంసకృత్తు తొడుగు మాత్రమే. వైరసు తనంతట తాను పెరుగలేదు. మొక్క కణములో ప్రవేశించి, ఆ కణపు సరంజామాతోనే తన ప్రతులు తీయించుకొనును.

ఆ పోగులోని వ్రాతకు అక్షరములు నాలుగే. ఆ నాలుగు అక్షరములు ఏ వరుసలో వచ్చునో దానిని బట్టి వైరసు స్వభావము ఏర్పడును. పొగాకు వైరసు వ్రాతను మొదటినుండి తుదివరకు 1982లో చదివినప్పుడు అందులో 6,395 అక్షరములు లెక్కకు వచ్చినవి. మన భాషలో ఇది నాలుగైదు పుటల వ్యాసమునకు మించదు. ఇంత చిన్న వ్రాత పొలమునకు పొలమును పాడుచేయగలదు.

ఆకును చూచి జబ్బు పేరు చెప్పుట ఎందుకు కష్టమో ఇప్పుడు చూతము. మొక్కకు తన బాధను తెలుపు మార్గములు కొన్నియే కలవు: పసుపుబారుట, ముడుచుకొనుట, మచ్చలు పడుట, చిగురు ఎండుట, గిడసబారుట. వేర్వేరు వైరసులు ఒకే రకపు లక్షణమును చూపవచ్చును. ఒకే వైరసు వేర్వేరు పంటలలో వేర్వేరు వేషములు ధరింపవచ్చును. పోషకలోపము, కలుపుమందు సోకుట, నల్లి తాకిడి కూడ ఇట్టి గుర్తులనే కలిగించును. కనుక కన్ను అనుమానమును పుట్టించును గాని తీర్పు చెప్పలేదు. ఈ సత్యమును మన నేలమీదనే నిరూపించిన కథ మొవ్వుకుళ్ళు తెగులుది.

వేరుసెనగలో చిగురు మాడి, మొక్క గిడసబారి, పొదవలె అయి, కాయలు ముడతలుపడు ఈ తెగులు మన రాష్ట్రమున 1960ల చివరకే శాస్త్ర పత్రికల కెక్కినది. 1972లో హైదరాబాదు చేరువ పటాన్‌చెరువున అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, అనగా ఇక్రిశాట్, వెలసిన పిమ్మట ఈ తెగులు మీద గట్టి పరిశోధన సాగినది. 1979లో ఘనేకర్, డి.వి.ఆర్. రెడ్డి మొదలగువారు దీనికి కారణము టమాట మచ్చవాడు వైరసు అని ప్రకటించిరి. ఆ నిర్ణయమునకు అప్పటి ఆధారములు లేకపోలేదు. ఆ మచ్చవాడు వైరసు ప్రపంచమునకు పాత నేస్తము. ఆస్ట్రేలియాలో 1915లో టమాట తోటలలో తొలుత కనబడినది, 1927లో తామర పురుగుల వలన వ్యాపించునని తేలినది, 1930లో వైరసని రుజువైనది. మన వేరుసెనగలో కనబడిన రేణువులు దాని రేణువుల వలెనే గుండ్రముగ, పొరతో కప్పబడి, మిల్లీమీటరులో పదివేలవ వంతు వెడల్పున నుండెను. వ్యాపింపజేయునది తామర పురుగే. అప్పటికి ప్రపంచమంతట ఈ కుటుంబమున ఒక్కటే వైరసు కలదని శాస్త్రజ్ఞుల నమ్మకము. కావున అదియే ఇది అనుకొనుట సహజము.

అయితే వైరసును శుద్ధిచేసి, కుందేలులో దానికి ప్రతిరక్షకములు పుట్టించి పరీక్షింపసాగిన కొలది చిక్కు బయటపడినది. ఈ పరీక్ష తాళముచెవి వంటిది. ఒక వైరసునకు పుట్టిన ప్రతిరక్షకము ఆ వైరసునే గుర్తించి పట్టుకొనును, పరాయిదానిని పట్టదు. 1977లో ఇంగ్లండున క్లార్క్, ఆడమ్స్ అనువారు మొక్కల వైరసులకు అమర్చిన ఎలైజా పద్ధతి వలన ఈ పరీక్ష ఒక పలకమీద పదుల కొలది ఆకులకు ఒకేమారు చేయుట సాధ్యమైనది. వైరసున్న గుంటలో రంగు వచ్చును, లేని గుంట తెల్లగ నిలుచును. అమెరికా మచ్చవాడు వైరసుకై తయారైన ప్రతిరక్షకములు మన వేరుసెనగ వైరసును పట్టలేదు. మన వైరసుకై తయారైనవి అమెరికా వైరసును పట్టలేదు. 1992లో డి.వి.ఆర్. రెడ్డియు ఆయన సహచరులును ఇది వేరొక వైరసని, ఆ కుటుంబములోనే కొత్తదని ప్రకటించి, మొవ్వుకుళ్ళు పేరిటనే దానికి నామకరణము చేసిరి. పదమూడు సంవత్సరములు పరాయి పేరుతో తిరిగిన వైరసునకు అప్పటికి స్వంత పేరు వచ్చినది.

దానిని మోయు పురుగు విషయమునను ఇట్టి దిద్దుబాటే జరిగినది. తొలుత వేరే తామర పురుగు జాతులను అనుమానించిరి. పురుగుల జాతి నిర్ణయము సరిగ చేయగా, ప్రధానమైన వాహకము త్రిప్స్ పామి అను జాతియని 1990లలో రూఢియైనది. ఈ పురుగు జీవితములో ఒక విశేషమున్నది. పిల్ల పురుగు జబ్బు మొక్కను గీరి రసము పీల్చినప్పుడే వైరసు దాని ఒడలిలో ప్రవేశించి పెరుగును. రెక్కలు వచ్చిన పిదప ఆ పురుగు బ్రతికినన్నాళ్ళు వైరసును పంచుచునే యుండును. పెద్దదైన తరువాత తొలిసారి జబ్బు మొక్కపై వ్రాలిన పురుగు వైరసును మోయజాలదు. కనుక గాలికి కొట్టుకొని వచ్చి వ్రాలిన రెక్కల పురుగు, మనము మందు కొట్టి చంపులోపల మొక్కను గీరి తన పని ముగించుకొనును. మందుల మీదనే భారము వేసినవారికి ఈ తెగులు లొంగకపోవుటకు ఇది యొక కారణము.

పేరు వచ్చినంతనే కథ ముగియలేదు, పోగును చదువవలసియున్నది. ఈ వైరసులో పోగు ఒక్కటి కాదు, మూడు ముక్కలు. రసాయన శాస్త్ర పరిభాషలో అవి ఆర్.ఎన్.ఏ. జాతివి. ఆర్.ఎన్.ఏ. త్వరగా చెడిపోవును కావున ముందు దానిని డి.ఎన్.ఏ. ప్రతిగ మార్చుకొందురు. ఈ తిరుగు నకలు చేయు ఎంజైమును 1970లో కనుగొనిరి. ఆ ప్రతిని పరీక్షనాళికలోనే వేడి, చల్లదనముల వంతులతో లక్షల రెట్లు పెంచు పి.సి.ఆర్. పద్ధతి 1983లో అమెరికాలో పుట్టినది. అక్షరములను వరుసగ చదువు పద్ధతిని 1977లో ఇంగ్లండున సాంగర్ కనిపెట్టెను. ఈ మూడు సాధనములు చేతికి వచ్చిన పిమ్మట మొవ్వుకుళ్ళు వైరసు వ్రాతను చదువుట సాధ్యమైనది. 1996లో టి. సత్యనారాయణ మొదలగువారు చిన్న ముక్కను, నడిమి ముక్కను చదివి ప్రకటించిరి. చిన్నదానిలో 3,057, నడిమిదానిలో 4,801 అక్షరములు. 1998లో గౌడ మొదలగువారు పెద్ద ముక్కను ముగించిరి, అందులో 8,911. మూడును కలిపి 16,769 అక్షరములు. పెద్ద ముక్క వైరసు ప్రతులు తీయు యంత్రమునకు సూత్రము. నడిమిది, ఒక కణమునుండి మరియొక కణములోనికి దారిచేయు మాంసకృత్తునకును, పైపొర మీది ముండ్ల వంటి మాంసకృత్తులకును సూత్రము. చిన్నది, పోగును కప్పు తొడుగు మాంసకృత్తునకును, మొక్క ఆత్మరక్షణ శక్తిని అణచు మరియొక మాంసకృత్తునకును సూత్రము.

ఒక వైరసు కొత్తదా, పాతదాని రకమా అనుటకు కొలబద్ద యేది? వైరసుల వర్గీకరణకు 1966లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘమొకటి కలదు. అది కుటుంబమునకొక ప్రమాణమును నిర్ణయించినది. మచ్చవాడు వైరసు కుటుంబమున తొడుగు మాంసకృత్తును కొలతగ తీసికొందురు. రెండు వైరసుల తొడుగులను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చగా నూటికి 90 పాళ్ళకంటె తక్కువ సామ్యమున్నచో అవి వేర్వేరు జాతులు. మన మొవ్వుకుళ్ళు వైరసు తొడుగును మచ్చవాడు వైరసు తొడుగుతో పోల్చగా సామ్యము సగమునకు కూడ చాల తక్కువ. పుచ్చతీగలలో ఇట్టి లక్షణములే కలిగించు మన దేశపు వైరసు ఒకటి మొవ్వుకుళ్ళు వైరసునకు దగ్గరి చుట్టమే అయినను, ఆ 90 గీతకు క్రిందనే నిలిచి, 1998 నుండి వేరు జాతిగ పరిగణింపబడుచున్నది.

ఇక కూరగాయల మాటకు వత్తము. వేరుసెనగలో పేరు సంపాదించిన ఈ వైరసు వేరుసెనగకు కట్టుబడియుండలేదు. టమాటలో చిగురుటాకులు కంచురంగుకు తిరిగి మాడుట, కాండముపై నల్లని చారలు, కాయలపై వలయములు వలయములుగ పసుపు మచ్చలు దీని గుర్తులు. మిరప, అలసంద, పెసర, మినుము మొదలగు పంటలును దీనికి ఆశ్రయములు. 2002 నుండి 2009 వరకు దేశములోని ముఖ్యమైన కూరగాయ మండలములలో శాస్త్రజ్ఞులు ఆకులు సేకరించి పరీక్షింపగా, ఈ కుటుంబమునకు చెందిన నాలుగు వైరసులు మన తోటలలో తిరుగుచున్నవని తేలినది: మొవ్వుకుళ్ళు వైరసు, పుచ్చ మొవ్వుకుళ్ళు వైరసు, మిరప జాతులలో మొదట పేరుపడిన కాప్సికం పాలిపోవు వైరసు, ఉల్లిని పట్టు ఐరిస్ పసుపు మచ్చ వైరసు. 1979 నాటి పేరు మీదనే నిలిచియున్నచో ఈ నాలుగింటిని మనము ఒక్కటిగ జమకట్టి యుందుము.

జమకట్టినచో నష్టమేమి అని అడుగవచ్చును. నష్టము విత్తనములో నున్నది. మచ్చవాడు వైరసును తట్టుకొను గుణము పెరూ దేశపు అడవి టమాటలో కలదు. ఎస్.డబ్ల్యు.-5 అను ఆ జన్యువును సంకరము ద్వారా సాగు టమాటలోనికి తెచ్చిరి. అమెరికా, యూరపు దేశములలో అది రైతులకు గొప్ప ఆసరా యైనది. ఆ జన్యువు ఎట్లు పనిచేయునో 2017లో చైనా శాస్త్రజ్ఞులు వివరించిరి: వైరసు కణమునుండి కణమునకు పోవుటకు వాడు మాంసకృత్తులో 21 ముక్కల తునక యొకదానిని అది ఆనవాలు పట్టి మొక్కను మేల్కొల్పును. ఆ తునక అమెరికా ఖండపు శాఖకు చెందిన వైరసులలో మాత్రమే ఆ రూపున నుండును. మన మొవ్వుకుళ్ళు వైరసు ఆసియా శాఖది. తలుపునకు కాపలా పెట్టితిమి గాని కాపరికి చూపిన పటము వేరొక దొంగది అన్నట్లగును. పేరులో పొరబడినచో ఇట్టి విత్తనమునకు వెల పెట్టి, ధైర్యముగ నాటి, పంట పోగొట్టుకొను ప్రమాదమున్నది. పోగును చదివినవారు ఈ ప్రమాదమును ముందుగ చెప్పగలరు. మన వైరసును ఎదిరించు గుణమును వేరుగ వెదకవలెనని ప్రజనకారులను హెచ్చరింపగలరు.

సరియైన పేరు వలన పొలములో చేయు పని కూడ మారునని 2000 సంవత్సరపు అనంతపురము నేర్పినది. ఆ యేడు ఆ జిల్లాలో వేరుసెనగ చిగుళ్ళు, కాండములు నల్లబడి చచ్చినవి. సుమారు 2,25,000 హెక్టార్లలో తెగులు వ్యాపించి, 300 కోట్ల రూపాయలకు మించిన నష్టము కలిగినదని అంచనా. చూపునకు అది మొవ్వుకుళ్ళును పోలియున్నది. పరీక్షింపగా మొవ్వుకుళ్ళు వైరసు కాదని, పొగాకు చార వైరసని తేలినది. ఇది అమెరికాలో 1936 నుండి ఎరిగిన వైరసే. మన నేలకు కొత్త. అంతకు కొలది యేండ్ల ముందు ప్రొద్దుతిరుగుడును పాడుచేసినదియు ఇదియే. దీని నడకయే వేరు. ఇది తామర పురుగు ఒడలిలో పెరుగదు. బీళ్ళలో, బాటల ప్రక్కన విచ్చలవిడిగ పెరుగు వయ్యారిభామ ఏ గుర్తును చూపకుండ దీనిని తనలో నుంచుకొని, పుప్పొడి ద్వారా వెదజల్లును. ఆ పుప్పొడిని ఒంటికి పూసికొన్న తామర పురుగు పంట ఆకును గీరినప్పుడు, ఆ గీరిన గాయములో పుప్పొడి పడి వైరసు లోనికి పోవును. కనుక ఇక్కడ మొదటి మందు పంట చుట్టుగల వయ్యారిభామను పూతకు రాకముందే పెరికివేయుట. మొవ్వుకుళ్ళు అనుకొని పంట మొక్కలను పెరికినంత మాత్రమున ఈ తెగులు ఆగదు. రెండు తెగుళ్ళు అక్కచెల్లెండ్రవలె కనబడును; వాని వైద్యములు వేరు.

బెండతోట నెరిగిన రైతులకు పల్లాకు తెగులును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. ఈనెలు పసుపుపచ్చగ వలవలె తేలి, ముదిరినచో ఆకంతయు, కాయయు వెలవెలబోవును. బొంబాయి రాష్ట్రమున 1924లోనే దీనిని గూర్చి వ్రాసిరి. తెల్లదోమ మోయుననియు తెలిసినది. కాని దీని పోగును చదివినది ఇటీవలనే. ఈ వైరసులోనిది ఉంగరమువలె చుట్టుకొన్న డి.ఎన్.ఏ.; సుమారు 2,700 అక్షరములు; రెండు రేణువులు అతుకుకొన్న కవలల తొడుగు. మదురై కామరాజు విశ్వవిద్యాలయమునకు చెందిన జోస్, ఉష అను శాస్త్రజ్ఞులు ఈ ఉంగరమును బెండమొక్కలో ఒంటరిగ ప్రవేశపెట్టగా నిజమైన పల్లాకు లక్షణము రాలేదు. దానితోపాటు అంతలో సగము పొడవుగల మరియొక చిన్న ఉంగరము కూడ తోడైనప్పుడే పొలములో చూచు జబ్బు తీరుగ వచ్చినది. ఈ సంగతిని వారు 2003లో ప్రకటించిరి. జబ్బు ఒకరి పని కాదు, ఇద్దరి కుట్ర. తెల్లదోమ మోయు ఈ కవల వైరసులకు కొలబద్ద వేరు: 2015 నుండి ముఖ్యమైన ఉంగరపు వ్రాత నూటికి 91 పాళ్ళు కలియనిచో దానిని కొత్త జాతిగ నెంచుచున్నారు. టమాట ఆకుముడత, మిరప బొబ్బర తెగుళ్ళలోను ఈ కవలల కుటుంబమువారే యున్నారు. వీరు ఒకే మొక్కలో కలిసినప్పుడు తమ వ్రాతలో ముక్కలు మార్చుకొని కొత్త రూపులు పొందుదురు. అందుచేతనే ఒకనాడు తట్టుకొన్న విత్తనము మరియొకనాడు లొంగిపోవుచున్నది.

ఇప్పటి పరిశోధనశాలలో కొత్త వైరసును పట్టు విధానము పూర్వముకంటె చాల మారినది. పూర్వము ఏ వైరసును వెదకుచున్నామో ముందే ఊహించి, దానికి తగిన ప్రతిరక్షకమునో, పి.సి.ఆర్. పద్ధతికి కావలసిన తునకలనో సిద్ధము చేసికొనవలసి యుండెడిది. ఊహకు అందని వైరసు వలకు చిక్కెడిది కాదు. మొక్కకు ఒక సహజ గుణము కలదు: తనలో చొరబడిన వైరసు పోగును 21 నుండి 24 అక్షరముల తునకలుగ కోసివేయును. పెరూ దేశమందు లీమా నగరములోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రపు శాస్త్రజ్ఞులు 2009లో చిలగడదుంప ఆకులోని ఈ తునకలను లక్షల సంఖ్యలో ఒకేమారు చదివి, యంత్రగణకముతో వానిని అతికి, అంతకుముందు ఎవరును ఎరుగని వైరసులను వెలికి దీసిరి. చిరిగిన చీర పేలికల నుండి నమూనాను తిరిగి కూర్చినట్టి పని యిది. ఇప్పుడు ఆకులోని ఆర్.ఎన్.ఏ. నంతటిని చదివి, ప్రపంచపు వ్రాతల భాండాగారముతో పోల్చి, కొన్ని దినములలో ఫలితము చెప్పుట సాధ్యము.

ఈ వేగమునకు మురిసి మరువరాని నియమమొకటి కలదు. ఆకులో ఒక వైరసు వ్రాత దొరకినంత మాత్రమున జబ్బుకు అదియే కారణమని చెప్పరాదు. ఏ హానియు చేయక మొక్కలో కాపురముండు వైరసులును గలవు. ఒకే ఆకులో రెండు మూడు ఉండవచ్చును. అందుచేత పాత పరీక్షలు నేటికిని అవసరములే. జబ్బు ఆకు రసమును చల్లని ద్రావణములో నూరి, గరుకు పొడి చల్లిన మంచి ఆకుపై సుతారముగ రుద్దవలెను. మొవ్వుకుళ్ళు వైరసునకు సి-152 అను అలసంద రకము చక్కని సాక్షి. దాని ఆకుపై కొలది దినములకే మచ్చలు లేచును. ఆ మొక్కనుండి మరల అదే వైరసును తీయగలిగి, పురుగు ద్వారా అసలు పంటకు అంటించినప్పుడు పొలములోని లక్షణమే మరల వచ్చినచో, అప్పుడు గాని తీర్పు పూర్తికాదు. కొత్త వైరసని తొందరపడి చాటుటకంటె ఈ ఓపిక విలువైనది. వేరుసెనగ వైరసు పేరు దిద్దుకొనుటకు పదమూడేండ్లు పట్టినదను సంగతి ఈ విషయమున మంచి పాఠము.

ఇంతయు విని రైతు సోదరులు, నేడు మా తోటలో మేము చేయవలసినదేమని అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్న. వైరసు చేరిన పిదప వైద్యము లేదు కనుక ఉన్నదంతయు ముందుజాగ్రత్తయే. నారుమడిని సన్నని నైలాను వలక్రింద పెంచినచో లేతదశలో తామర పురుగు, తెల్లదోమల తాకిడి తగ్గును. లేతదశలో సోకిన వైరసే ఎక్కువ నష్టము చేయును. తోటచుట్టు మూడు నాలుగు వరుసలు జొన్న గాని, సజ్జ గాని, మొక్కజొన్న గాని దట్టముగ వేసినచో గాలిలో వచ్చు పురుగులకు అది గోడ వలె నడ్డుపడును. వేరుసెనగను మరీ ఎడముగ విత్తక, సజ్జ అంతరపంటగ వేసినచో మొవ్వుకుళ్ళు తగ్గునని ఇక్రిశాట్ పరిశోధనలు చూపినవి. టమాటలో తొలి దినములలో కనబడిన జబ్బు మొక్కలను వెంటనే పెరికి పూడ్చవలెను. ముదురు తోట ప్రక్కనే లేత తోట పెట్టరాదు. పాత తోట పురుగులు కొత్త తోటకు వలస వచ్చును. గట్లమీది వయ్యారిభామను పూతకు ముందే తీయుట ఒక్క రైతు చేసిన చాలదు; ఊరంతయు కలిసి ఒకే వారములో చేసిన గాని ఫలము కనబడదు. విత్తనమును నిందించుటకు ముందును విచారింపవలెను; వేరుసెనగలో మొవ్వుకుళ్ళు వైరసు విత్తనము ద్వారా వ్యాపింపదు.

మరియొక పని కలదు. ఇది తేలికయైనదియు, తరచు మరచునదియు. తెగులు కనబడిన మొదటి దినములలోనే లేత ఆకులు, చిగుళ్ళు గల కొమ్మను ఎండనీయక, నీరు కారనీయక, కాగితములో చుట్టి, తేదీ, ఊరు, పంట, రకము వ్రాసి సమీపపు వ్యవసాయాధికారికో, కృషి విజ్ఞాన కేంద్రమునకో అందజేయవలెను. మాడి ఎండిన కొమ్మ శాస్త్రజ్ఞునకు ఉపయోగపడదు, పచ్చదనముండగనే పంపవలెను. రాజేంద్రనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయములోను, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు వైరసు శాస్త్ర శాఖలోను ఈ విద్య నెరిగినవారున్నారు. కాని వారు ప్రతి పొలమునకు రాలేరు. తోటలో దినమును తిరుగు రైతు కన్నే మొదటి సూక్ష్మదర్శిని. పల్లెనుండి ఆకు కదలనిచో, నగరములోని యంత్రమునకు చదువుటకు పోగే లేదు.

ఆసియా ఖండమున ఒక్క మొవ్వుకుళ్ళు తెగులు వలననే ఏటేట 8.9 కోట్ల డాలర్లకు మించిన నష్టమని ఒకనాటి అంచనా. ఆ లెక్కను పంచి చూచినచో అది లక్షల చిన్నకమతముల అరయెకరముల మీద పడుచున్న భారము. దీనిని తగ్గించు విత్తనము రావలెనన్న మన నేలమీది వైరసును మనమే చదివి, మన అడవి టమాట సేకరణలలో, మన వేరుసెనగ రకములలో దానికి ఎదురునిలుచు గుణమును మనమే వెదకవలెను. పరదేశములో పరాయి వైరసుకై చేసిన పరిష్కారము మన పొలమున చెల్లునని ఊరకుండుటకు వీలులేదని ఈ కథ తెలుపుచున్నది. వచ్చు వర్షాకాలమున తోటలో మొదటి మాడిన చిగురు కనబడిన దినమున, మందు డబ్బా మూత తీయుటకు ముందు ఈ తెగులు పేరేమి అని ఒకమారు అడిగి తెలిసికొనుడు. ఆ ప్రశ్నకు వెల లేదు. దానిని అడుగకుండుటకు వెల మాత్రము చాల కలదు.